ఎనిమిది కాళ్ల పద్మము

హేమంత ఋతువు ప్రవేశించెను. ఉత్తర దేశములయందు తరులతాదులను హిమధవళములు గావించి సకల జీవకోటిని గృహాంతర్భాగములకు తరిమివైచు నా శీతకాలము కాకినాడ పట్టణమునకు చేరునప్పటికి దూరప్రయాణమున నలసి సొలసి యొకింత చల్లగాలిగా మాత్రమే మిగిలియుండును. అయినను పురజనులు ఋతుమర్యాదను భంగపఱుప నిచ్చగింపని సంస్కారవంతులగుటచేత ఉదయభాస్కర కిరణములు మేడలపై నున్న నీళ్లట్యాంకులను కనకకలశములుగా మెఱయించుచున్న వేళ చెవులు గూడ మూయు కోతిటోపీలను ధరించి నుదుట చెమట చిందుచుండ ప్రాతఃకాల విహారము సల్పుచుండిరి. రహదారి ప్రక్కన ఉన్నికోటుల వర్తకులు పర్వతప్రాయములుగా సరకును పోసికొని కూర్చుండ కొనవచ్చిన గృహస్థులు తమ దేహమునకు సరిపోవు కోటును తొడిగి చూచి సంతృప్తులై దానిని విడిచి యంతకంటె నొక కొలత పెద్దదగు కోటును బేరమాడి కొని చేతివ్రేళ్లు కనబడని స్థితిలో ఇండ్లకు మరలుచుండిరి.

ఇట్టి పెద్దకొలత ధర్మమునకు ఆ పట్టణమునందు పతాకస్వరూపిణియై వెలుగొందినది భాస్కరమ్మ. ఆమె భానుగుడి కూడలికి సమీపమున నొక అపార్టుమెంటులో మూడవ యంతస్తున పుత్రుడగు ఫణీంద్రునితోను కోడలగు ప్రవల్లికతోను నివసించుచుండెను. సరియైన కొలత గల వస్తువును ఆమె జన్మమున కొని యెఱుగదు. ఫణీంద్రుడు బాల్యమున ధరించిన నిక్కరులు మోకాళ్లను దాటి పిక్కలను పలకరించుచుండెడివి. అతని బూట్ల మొనలయందు వార్తాపత్రికలు కుక్కబడియుండెడివి. అతని వివాహాంగుళీయకము నేటికిని దారపు చుట్టల సాయముననే వ్రేలియందు నిలిచియున్నది. వంటగదిలో పట్టని ఫ్రిజ్జు హాలునందు గోడ నానుకొని సెలవు తీసికొనుట మఱచిన చుట్టమువలె నిలిచియుండెను. ఇదేమని యెవరైన నడిగినచో "పెరిగే పిల్లాడు కదండీ" యని యామె బదులు చెప్పెడిది. ఆ పిల్లవాడు విద్యుచ్ఛాఖలో నుద్యోగియై ముందుతల పలుచబడి రక్తపోటు మాత్రలు మ్రింగుచున్నను ఆ సమాధానము మాఱలేదు.

కావున కోడలు గర్భవతియైనదని తెలిసినదే తడవుగా భాస్కరమ్మ యేడాదిన్నర వయసు గల బిడ్డకు తగిన బట్టలను ఇద్దఱు శిశువులు తగవులాడకుండ శయనింపదగిన యుయ్యాలను బడి కేగు బాలురకు సరిపడు వెండి కడియములను సమకూర్చెను. ప్రవల్లికకు తల్లి లేనందున పురుడు పోయుటకు తునిలోని పినతల్లి సమ్మతింపగా ప్రయాణమునకు శుభముహూర్తము నిర్ణయింపబడెను. శిశువు ఆ ముహూర్తమును లెక్కసేయలేదు. నెలలు నిండకయే యొక ఆసుపత్రియందు ఆడుశిశువు జన్మించి కిలో తూకమునకు కొంచెము మాత్రమే మించినదై వెచ్చని గాజుపెట్టెలో నునుపబడెను. అన్నియు పెద్దకొలతలో సిద్ధముగా నున్న యింటికి రావలసిన యతిథి అన్ని కొలతలకంటెను చిన్నదై వచ్చెను.

ప్రవల్లికకు దుఃఖము రాలేదు. బాలింతరాలగుటచేత అత్తగారు ఆమె చెవులలో దూది కుక్కి తలకు గుడ్డ చుట్టిరి. ఆ దూది కర్ణరంధ్రములను మాత్రమేగాక యెచ్చటనో లోపల నున్న ద్వారములను గూడ మూసినట్లు లోకమంతయు ప్రక్కయింటి టీవీవలె గోడకావల మ్రోగుచుండెను. దినమునకొక పర్యాయము ఆటోలో ఆసుపత్రికి పోయి గాజుపెట్టె ముందు నిలువబడునప్పుడు అందున్న యా యెఱ్ఱని చిన్ని దేహమును చూచి యామె ముక్కుకు పాలగొట్టమునంటించిన పట్టీ వంకరగా నున్నదని మాత్రము తలపోసెడిది. మాతృహృదయము పొంగుననియు స్తన్యము పొరలుననియు చెప్పినవారందఱును పొరబడియుండిరో తాను పొరబడియుండెనో యామెకు తెలియలేదు. ఎదురింటి యిల్లాలు పరామర్శకు వచ్చి "ఏడ్చెయ్యమ్మా, ఏడిస్తే తేలిగ్గా ఉంటుంది" యని యుపదేశింపగా ప్రవల్లిక మర్యాదకై కొంతతడవు ప్రయత్నించి విఫలయై కాఫీ కలుపుటకు లేచెను. ఆ లోటును భాస్కరమ్మ తీర్చెను. ఆమె తనకును కోడలికిని చాలునంత యేడ్చి మఱికొంత మిగిల్చెను.

ఒకనాడు గాజుపెట్టెలను కనిపెట్టుకొనియుండు నర్సు కరుణ ప్రవల్లికను ప్రక్కకు పిలిచెను. కోనసీమవాసిని యగు నామె కంఠము మృదువు, మాట సూటి.

"మీ పాప మళ్లీ గొట్టం పీకేసిందండి. ఎన్నిసార్లని వేస్తాం? ముక్కు లోపల పుండవుద్ది. పుండైతే పాలు ఆపాల్సొస్తది. పాలు ఆపితే తూకం ఎక్కడ పెరుగుద్ది చెప్పండి."

"ఎందుకు పీకుతోందండీ?" యని ప్రవల్లిక యడిగెను.

"కావాలని కాదండి. ఈ పిల్లలు చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటారు. గొట్టం దొరికింది, గొట్టం పట్టుకుంది. క్రోషియాతో అల్లిన ఆక్టోపస్ బొమ్మ పక్కన పెడితే దాని కాలు పట్టుకుని ఊరుకుంటారండి కొందరు. తల్లులే అల్లి తెస్తారు. కానీ ఒకటే మాట. అల్లికలో సందులుండకూడదు. పాప వేలు దూరకూడదు, లోపలి దూది బయటికి రాకూడదు. అలాంటిదైతేనే లోపలికి రానిస్తాను."

ఇంటికి వచ్చిన పిదప ఈ వార్త హాలునందు నివేదింపబడెను. తరతరములుగా గ్రుడ్డునైనను గడప దాటనీయని యా శాకాహార కుటుంబమునందు మొదట చర్చకు వచ్చినది శిశువు ముక్కు కాదు.

"ఆక్టోపస్సంటే చేపలాంటిదే కదూ?" యని భాస్కరమ్మ యడిగెను.

"చేప కాదమ్మా. సముద్రంలో ఉంటుందంతే" యని ఫణీంద్రుడు వివరించెను.

"సముద్రంలో ఉండేదంతా నీచే. ఎనిమిది కాళ్ల నీచుని పసిదాని పక్కన పడుకోబెడతారా?"

"ఊలుదమ్మా అది."

"ఊలుదైతే మాత్రం ఆకారం ఆకారమే కదరా. ఏ ఏనుగో కుందేలో అల్లుకోకూడదా?"

"కాళ్లు పట్టుకోవాలి అత్తయ్యా, గొట్టంలా ఉంటాయని" యని ప్రవల్లిక చెప్పెను. ఆ మాట యామె స్వరమున విద్యుత్తు బిల్లు చదివినట్లు వినబడెను.

భాస్కరమ్మ తుదకు సర్వశాస్త్ర సమ్మతమగు నొక పరిష్కారమును కనుగొనెను. "ఎనిమిది రేకుల పద్మం అనుకుందాం. తలకిందులుగా పెట్టిన పద్మం." నాటినుండి యా గృహమునందు ఆక్టోపసు అను పదమును ఉచ్చరించినవారు లేరు.

పద్మనిర్మాణ భారమును భాస్కరమ్మయే వహించెను. ఏలయన నామె పుట్టినిల్లు నరసాపురము. ఇంటింట వనితలు లేసు నల్లు ఆ ప్రాంతమునందు బాల్యముననే క్రోషియా సూదిని పట్టిన యామె హస్తకౌశలము ఆ యింటి టీవీమీదను మిక్సీమీదను కుర్చీల వీపులమీదను శ్వేతజాలకములై విస్తరించి యే వస్తువును స్వస్వరూపముతో కనబడనీయకుండెను. ఆమె దుకాణమునకు పోయి యున్నవానిలో మిక్కిలి లావుగల ఊలును దానికి తగిన లావుపాటి సూదిని తెచ్చి "పెద్ద సూదైతే అన్నిటికీ పనికొస్తుంది. బొమ్మ కూడా పెద్దదైతే పాప పెరిగాక ఆడుకుంటుంది" యని సెలవిచ్చెను. పెద్ద సూది వేసిన పెద్ద ముడులును లేసునకలవాటుపడిన యామె చేతి వదులును ఒకదానితో నొకటి సంగమించి యల్లిక శీఘ్రముగా సాగెను. అందు దూది కూరిన పిదప వెలువడినది గుమ్మడికాయ పరిమాణము గల యొక సత్త్వము. దాని ప్రతి రంధ్రమునుండియు దూది గవాక్షమునుండి వీధి చూచు గృహిణివలె తొంగిచూచుచుండెను. భాస్కరమ్మ దానిని మురిపెముతో నాలుగు వైపుల త్రిప్పి చూచుకొనెను.

ఆసుపత్రియందు కరుణ దానిని చేతులలోనికి తీసికొని తన చిటికెనవ్రేలిని ఒక సందున దూర్చెను. అది నిరాటంకముగా లోనికి పోయెను.

"అల్లిక బాగుందండి అమ్మగారూ. కానీ ఇది పాపకంటే పెద్దగుంది. పాపని పెట్టెలోంచి తీసి దీన్ని పెట్టాల్సొస్తది."

"లేసుకి సందులే అందం కదమ్మా" యని భాస్కరమ్మ యనెను.

"గుమ్మానికి కట్టేదానికి అందమేనండి. పాప వేలు ఇరుక్కుంటే రక్తం ఆగిపోద్ది. ఇంకోటి, దీన్ని మేం మరిగే నీళ్లలో వేస్తాం. ఊలు తట్టుకోదు, నూలైతే మంచిది."

తిరస్కృతమైన యా పద్మము ఇల్లు చేరి ఫ్రిజ్జుపై ప్రతిష్ఠింపబడి దుమ్ము పడకుండ ప్లాస్టిక్కు కవరు తొడగబడెను. ఆ యింట పారవేయుటయను క్రియ లేదు.

మఱునాడు ప్రవల్లిక తానే అల్లదలచెను. ప్రేమావేశము చేతనని చెప్పిన నసత్యమగును. చేతులు ఖాళీగా నుండిన నవి యెచ్చట నుంచవలయునో యామెకు తోచకుండెను. పెద్ద సూది సందులు చేసినది కావున చిన్న సూది సందులను మూయునని తర్కించి యామె అత్తగారి భరిణెలో నున్న సన్నని ఉక్కు సూదిని తీసి మిగిలిన లావు ఊలుతో నారంభించెను. సూది కొక్కెము ఆ యూలులో సగమును మాత్రమే పట్టి తక్కిన సగమును చీల్చివైచుచుండెను. అయినను బలవంతముగా లాగి లాగి అల్లగా అల్లిక బిగిసి బిగిసి గుమ్మము ముందు కాళ్లు తుడుచుకొను కొబ్బరిపీచు పట్టావలె కరకుదేఱెను. సూది వెనుకభాగము ఒత్తుకొనిన నడిమివ్రేలు బొబ్బలెక్కెను. సాయంకాలమునకు సూది నడుమ వంగి ప్రశ్నార్థక చిహ్నముగా మాఱెను.

భాస్కరమ్మ వచ్చి చూచెను.

"అది మా అమ్మది."

"తెలుసత్తయ్యా."

"వంగింది."

"వంగింది."

భాస్కరమ్మ సూదిని కిటికీకడకు కొనిపోయి వెలుతురున త్రిప్పి చూచి రెండు వ్రేళ్ల నడుమ నొత్తబోయి యది విఱుగునేమోయని మానుకొని వంగినదానిని వంగినట్లే భరిణెలో నుంచి మూత పెట్టెను. పిదప వచ్చి కోడలి చేయి పట్టి చూచెను.

"బొబ్బ లేచింది. నొప్పిగా లేదూ?"

"తెలియట్లేదత్తయ్యా."

భాస్కరమ్మ యా వ్రేలిని విడువక కొంతతడవు పట్టుకొని కూర్చుండెను.

ప్రవల్లిక లేచి ఫ్రిజ్జుపైనున్న పద్మమును దించి కవరు తీసి తాను సగమల్లిన కఠినపదార్థము ప్రక్కన నుంచెను. రెండింటి ఊలును ఒక్కటే. ఒకటి జల్లెడయయ్యెను, మఱొకటి రాయియయ్యెను. ఊలుండకు చుట్టియుండిన కాగితపు పట్టీ నింతవఱకు నెవ్వరును చదివియుండలేదు. ఏలయన నందు వ్రాసిన కొలతను పాటించుట ఆ యింటి యాచారము కాదు. ఆమె దానిని చదివెను. అందు చిన్న సూది బొమ్మయు దాని ప్రక్కన నొక అంకెయు ముద్రింపబడి వాని క్రింద స్వెట్టరు బొమ్మ యుండెను. ఆమె రెండు అల్లికలను లాగి చూచి కిటికీ వెలుతురున కెత్తి చూచి మరల పట్టీని చూచెను.

"అత్తయ్యా, ఇందులో రాసిన నంబరు స్వెట్టరుకి. స్వెట్టరు మెత్తగా ఒంటిమీద వేలాడాలి కాబట్టి సూది కాస్త పెద్దదే రాస్తారు. బొమ్మ వేలాడకూడదు, దూదిని పట్టి ఉంచాలి. అందుకని ముందు దారం సన్నంది తీసుకోవాలి. దానిమీద ఏ నంబరు రాసుంటే అంతకంటే కొంచెం తగ్గించిన సూది వాడాలి. మరీ తగ్గిస్తే మనకి ఇలా అవుతుంది."

"తగ్గించాలా" యని భాస్కరమ్మ పరభాషాపదము నుచ్చరించినట్లు పలికెను.

మఱునాడు ఆసుపత్రికి పోవుచు వారు ఆటోను ఊలు దుకాణము ముందు నిలిపించిరి. బాలింత గాలికి దిగరాదు కావున ప్రవల్లిక ఆటోలోనే కూర్చుండి యత్తగారి మాటలు వినబడనందున ఒక చెవిలోని దూదిని తీసి యొడిలో నుంచుకొనెను. వీధి యొక్కసారిగా ఆ చెవిలోనికి దూకెను. బండ్ల కూతలును వర్తకుల కేకలును వానితోపాటు దుకాణదారుని స్వాగతమును స్పష్టముగా వినవచ్చెను.

"రండమ్మగారూ. మీకోసమే పక్కన పెట్టానండి, మొన్నటి దానికంటే లావు సూది వచ్చింది."

"నూలు చూపించవయ్యా. మధ్యరకం. దీనిమీద సూది నంబరు ఎంత రాసుంది?"

"నాలుగండి. మీరు నాలుగున్నర పట్టుకెళ్లండి, అన్నిటికీ పనికొస్తది."

భాస్కరమ్మ వీపు మాత్రమే ప్రవల్లికకు కనబడుచుండెను. ఒక కొలత పెద్దదగు రవికెలో నా భుజములు సన్నగా నున్నవని ప్రవల్లిక యదివఱకు గమనింపలేదు.

"మూడు ఇవ్వు."

"చిన్నదైపోద్దేమోనండీ. రేపు మళ్లీ పెద్దది కావాలంటారు."

"వద్దయ్యా. మా మనవరాలు చిన్నది."

ఈ వాక్యమును భాస్కరమ్మ యంతవఱకు నెవ్వరితోను పలికియుండలేదు. చుట్టములతో బిడ్డ కొంచెము తొందరపడినదనియు రెండు నెలలలో పుంజుకొనుననియు మాత్రమే చెప్పుచుండెను. ఆమె పొట్లము పట్టుకొని ఆటో యెక్కి వీధివైపు చూచుచు కూర్చుండెను. ప్రవల్లిక యొడిలోని దూదిని మరల చెవిలో పెట్టుకొనలేదు. అత్తగారు దానిని చూచియు దూది యేదని యడుగలేదు.

ఆసుపత్రిలో బిడ్డను చూచి ఇల్లు చేరిన పిదప ప్రవల్లిక మొదట నరచేతి వెడల్పున నొక చిన్న ముక్కనల్లి కిటికీకెత్తి చూచెను. వెలుతురు రాలేదు. సాగదీసి చూచెను. ఒకటి రెండు చోట్ల సూదిమొనంత వెలుగు మెఱసి విడిచినంతనే మాయమయ్యెను. మడిచి చూచెను. అది కరకుగా నుండక మడత పడెను. అనంతరమామె తలను వలయాకారముగా నల్లి దూదిని కొంచెము కొంచెముగా కూరి ఎనిమిది కాళ్లను ఒక్కొక్కటిగా మెలికలు తిరుగునట్లు దింపెను. బొబ్బ చిట్లిన వ్రేలికి గుడ్డపేలిక చుట్టుకొని పేలిక జాఱినప్పుడెల్ల మరల చుట్టుకొనుచు నల్లెను. భాస్కరమ్మ ప్రక్కన కూర్చుండి నూలుండను విప్పి యందించుచు వదులుగా పడిన ముడి కనబడినప్పుడు "అక్కడ" యని మాత్రము వ్రేలితో చూపుచుండెను. రంధ్రముల నల్లుట యెఱిగిన కన్నులకు రంధ్రములను పట్టుటయు తెలిసియుండెను. సిద్ధమైన పద్మము నిమ్మకాయకంటె నించుక పెద్దది. ఆ యింటిలో దానికంటె చిన్నదగు వస్తువు లేదు.

ఆసుపత్రికి కొనిపోగా కరుణ దానిని ట్యూబులైటు కెత్తి చూచెను, లాగెను, చిటికెనవ్రేలితో పొడిచెను. వ్రేలు దూరలేదు. "ఇది పెడతానండి. మరగబెట్టి ఆరాక" యని లోనికి తీసికొనిపోయెను.

ఆ తరువాత మరల పోయి చూచునప్పటికి గాజుపెట్టెలో శిశువు ప్రక్కకు తిరిగి పడుకొనియుండెను. పద్మము దాని చెంపకడ నుండెను. ముక్కుగొట్టము దాని స్థానమున నది యుండెను. చింతచిగురు వంటి యైదు వ్రేళ్లు నూలుకాలు నొకదానిని చుట్టి పట్టుకొని ఆటో సీటుకమ్మిని పట్టుకొను ప్రయాణికునివలె విడువకుండెను.

"నిన్నటినుంచి పీకలేదండి" యని కరుణ చెప్పెను.

భాస్కరమ్మ కన్నులొత్తుకొనెను. ప్రవల్లిక చూచుచు నిలువబడెను. ఆమెలో నేమియు పొంగలేదు, ఏమియు పొరలలేదు. గొట్టము పట్టీ నేడు తిన్నగా నున్నదని మాత్రము తలపోసెను. అయినను వేళ ముగిసినదని చెప్పినప్పుడు వెంటనే కదలలేక మఱి రెండు క్షణములు నిలిచెను. అది యెందులకో యామెకు తెలియలేదు.

మధ్యాహ్నము భోజనవేళ భాస్కరమ్మ వేడియన్నమున నేయి పోసి బాలింతలకు పెట్టు కారప్పొడిని వడ్డించెను. ఎండుమిర్చియు ధనియములు వెల్లుల్లియు దంచిన యా పొడి గృహధర్మానుసారముగా ఒక పురుటికి చాలునంత కాక మూడు పురుళ్లకు చాలునంత సీసాలలో నింపబడియుండెను. ప్రవల్లిక గుడ్డపేలికను విప్పి ప్రక్కన పెట్టి అన్నము కలిపెను. కారము చిట్లిన బొబ్బను తాకెను. మంట నడిమివ్రేలి చివరనుండి బయలుదేఱి మణికట్టు దాటి మోచేతివఱకు ప్రాకెను. ఆమె చేయి వెనుకకు తీయలేదు. మరల కలిపెను. మంట మరల వచ్చెను. ఎంతకాలమునకో యిల్లు చేరిన మనిషిని తలుపు తీసి చూచినట్లు ఆమె తన వ్రేలిని చూచుచు కూర్చుండెను. కన్నులు నిండి యొక బొట్టు పళ్లెము అంచున పడెను. వెనుకనే మఱికొన్ని పడెను.

ఫణీంద్రుడు నీళ్లగ్లాసు పట్టుకొని లేచి యేమి చేయవలయునో తెలియక మరల కూర్చుండెను.

"కారం ఎక్కువైందా అమ్మాయ్? నెయ్యి వెయ్యనా?" యని భాస్కరమ్మ యడిగెను.

"వద్దత్తయ్యా. సరిగ్గా ఉంది."

భాస్కరమ్మ యా మాటను విని తల యూపెను. పిమ్మట నలవాటు చొప్పున నిండు గరిటెడు అన్నమును కోడలి పళ్లెములో వేయబోయి చేయి గాలిలో నిలిపి యొక్క క్షణమాలోచించి సగమును గిన్నెలోనికి జాఱవిడిచి మిగిలిన సగమును మెల్లగా వడ్డించెను.